ఆడోళ్ల దిక్కు మైకు

మా ఆయన కర్ణాకర్‌కు ఎడమ చెవి వినపడదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మా ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే చెప్పాల్సి వస్తుంది, ఆయనకు కుడి పక్కన కూర్చోండి అని. రెండేళ్ల కిందట ఒక జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం వారంలో పోయింది, పోతూ పోతూ ఎడమ చెవిని వెంట తీసుకుపోయింది. హైదరాబాదులో చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఈ చెవి ఇక రాదు, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వినికిడి తగ్గడం మొదలైతే ముందు సన్నటి శబ్దాలు పోతాయి, పిట్టల కూతలు, ఆడవాళ్ల గొంతులు అటువంటివి అని కూడా చెప్పాడు. ఆ మాట మా ఆయన మనసులో మేకులా దిగింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతులు కొన్ని మారాయి. ఎక్కడ నడిచినా నేను ఆయనకు కుడి పక్కనే నడుస్తాను. చెవిటివాడి ముందు శంఖం అన్న సామెత మా ఇంట్లో బంద్. మాట వినపడలేదన్న వంక మాత్రం ఆయనకు ఏనాడూ దొరకలేదు, ఎందుకంటే నేను అంగన్‌వాడీ టీచర్ని. నేను వంటింట్లో ఉప్పు అయిపోయిందంటే సందు చివర కిరాణా కొట్టాయన పొట్లం కట్టి పెడతాడు. అంత గొంతు నాది.

సిద్దిపేటలో మాది బోరు మోటార్ల దుకాణం. పొద్దంతా మోటార్ల మోత విన్న మనిషికి ఇంటికొస్తే పాట కావాలి. చెవి పోయాక అదీ పోయింది. స్పీకర్లలో పెడితే పాటా, రోడ్డు మీద ఆటోల మోతా కలిసి ఒక్క చెవిలో ముద్దయిపోతున్నాయన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పాట సగమే వస్తోందన్నాడు. సగం పాట ఏంటో నాకు అర్థం కాలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి సంహిత చెప్పింది. పాటను రికార్డు చేసేటప్పుడే కొన్ని శబ్దాలు ఎడమ చెవికి, కొన్ని కుడి చెవికి పంచుతారట. రెండు చెవులున్న వాళ్లకు అది సొగసు. మా ఆయనకు మాత్రం ఎడమ పక్క పంచినదంతా గంగపాలే.

ఆయన ముఖ్యంగా వినాలనుకున్నది సినిమా పాట కూడా కాదు, మా ఊరి భజన. మా అత్తగారి ఊరు చిన్నకోడూరు. అక్కడ శనివారం శనివారం భజన జరుగుతుంది. మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు కూర్చుంటారు, మధ్యలో చాప వెడల్పు జాగా వదులుతారు. ఒకసారి మైక్‌సెట్ నరేశ్‌కు ఉత్సాహం పుట్టి భజనంతా రికార్డు చేశాడు. మగవాళ్ల ముందు ఒక మైకు, ఆడవాళ్ల ముందు ఒక మైకు పెట్టాడు. రెండింటినీ కలపకుండా మగవాళ్లను కుడికి, ఆడవాళ్లను ఎడమకు పెట్టి ఇచ్చాడు. కూర్చున్నట్టే వినపడాలి కదా అన్నాడట. ఊరంతా శభాష్ అన్నది. మగవాళ్ల వైపు హార్మోనియం మా ఆయనది. ఆడవాళ్ల వైపు ముందు పాడేది నేను. నేను ఏ మాట అంటే వెనక వాళ్లంతా ఆ మాటే అందుకుంటారు.

ఆ రికార్డులో నా పరువు తీసే చోటు ఒకటుంది. భజన మంచి ఊపు మీద ఉండగా ఒక పిల్లి పులిహోర వండిన గంజు వైపు పోవడం నా కంటపడింది. గంజు పక్కనే మా కొండవ్వ కళ్లు మూసుకొని చప్పట్లు కొడుతోంది. పాట ఆపితే తప్పు, ఊరుకుంటే ప్రసాదం పిల్లి పాలు. అందుకని రాగం తప్పకుండా, తాళం తప్పకుండా "గంజు మూత పెట్టు కొండవ్వా" అని పాడాను. ఇక నా వెనక ఆడవాళ్లందరూ, అలవాటు కొద్దీ, పరమ భక్తితో "గంజు మూత పెట్టు కొండవ్వా" అని అందుకున్నారు. ఒకసారి కాదు, తాళం మళ్లీ తిరిగొచ్చేదాకా అదే. మగవాళ్లకు ఇదేం పట్టలేదు, వాళ్లు దేవుడి పేరే పాడుకుంటున్నారు.

ఆ ముక్క కోసేయమని నరేశ్‌ను ఎన్నిసార్లు బతిమాలానో. మా ఆయన కోయనివ్వలేదు. అది కోస్తే ఇక ఆ రికార్డులో వినడానికి ఏముందని అడిగాడు. చెవి బాగున్న రోజుల్లో రోజూ పొద్దున స్నానం చేసి, హెడ్‌ఫోన్ పెట్టుకొని, ఆ చోటు రాగానే కడుపు పట్టుకొని నవ్వేవాడు. చెవి పోయాక ఆ నవ్వు ఆగిపోయింది. పిల్లీ, గంజూ, కొండవ్వా అన్నీ ఎడమ పక్కనే ఉన్నాయి మరి.

సంహితకు ఈ సంగతి తెలిసి ఒక డబ్బా తెచ్చింది. అరచేతిలో పట్టే బోర్డు, దానికొక కవచం, గోరంత కార్డు. దాంట్లో లైనక్స్ అనే వ్యవస్థ ఉందట, అదీ మరీ సన్నటి రకం. పాట పాడటం తప్ప దానికి ఇంకేం రాదు. కరెంటు ఇవ్వగానే కార్డులో రాసి ఉన్నదంతా తలకెక్కించుకొని పని మొదలుపెడుతుంది. ఇంకేదైనా పని చేయించాలంటే దానికి ఎక్స్‌టెన్షన్ వేయాలి. ఎక్స్‌టెన్షన్ అంటే మా ఇంట్లో అప్పటిదాకా ప్లగ్గులు పెట్టే తెల్ల డబ్బానే. ఇది కంటికి కనపడని రకం, ఫోన్‌లో వేలితో నొక్కితే ఎక్కడినుంచో వచ్చి డబ్బాలో చేరుతుంది.

సంహిత ఒక ఎక్స్‌టెన్షన్ వేసింది. ఎడమ పక్క శబ్దాన్ని, కుడి పక్క శబ్దాన్ని కలిపి రెండు వైపులకూ పంపడమే దాని పని. దానికి పెద్ద ఇంగ్లీషు పేరుంది, మా ఇంట్లో దాని పేరు కలిపేది. మా ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. భజన మొదలైంది. నేను వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తున్నాను. కాసేపటికి ముందు గదిలోంచి నవ్వు వినపడింది, పిల్లి గంజు దగ్గరికొచ్చినప్పుడు నవ్వే నవ్వు. నాకు ఏడుపు ఆగలేదు. సంహిత వచ్చి ఏమైందమ్మా అంటే ఉల్లిగడ్డ మీద పెట్టాను.

పోయేముందు సంహిత వాళ్ల నాన్నకు ఒక మాట గట్టిగా చెప్పింది. ఏది మార్చినా చివర సేవ్ నొక్కాలి. నొక్కకపోతే మార్చింది డబ్బా తలలోనే ఉంటుంది, కార్డు మీదికి ఎక్కదు, కరెంటు పోతే డబ్బా మరిచిపోతుంది. మా ఆయన తలూపాడు. నేను ఏది చెప్పినా ఊపే తలే అది.

అక్కడితో ఆగితే ఆయన కర్ణాకర్ ఎందుకవుతాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఆ ఎక్స్‌టెన్షన్ల జాబితా దొరికింది. దుకాణంలో గిరాకీ లేనప్పుడల్లా ఫోన్‌లో అదే పని. గడియారం చూపించేది ఒకటి వేశాడు. ఎక్కడో మంచు దేశపు రేడియో పట్టేది ఒకటి వేశాడు, ఆ భాష ఆయనకూ రాదు, నాకూ రాదు. సిద్దిపేటలో వాన పడుతోందో లేదో చెప్పేది ఇంకొకటి. కిటికీలోంచి చెయ్యి చాపితే తెలిసేదానికి ఎక్స్‌టెన్షన్ ఎందుకని అడిగితే, పెట్టి చూస్తున్నా అన్నాడు. ఒక్కటి వేస్తే ఒక్కటే రాదు, అదొక బాధ. దానికి ఆసరాగా ఉండేవి ఇంకో నాలుగు వెంటబడి వస్తాయి. పెళ్లికి ఒక్కరిని పిలిస్తే ఆటో నిండా దిగినట్టు.

చివరికి డబ్బా తల తిరిగిపోయింది. పాటకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. పల్లవిలో ఒక మాట అని, ఆగి, ఊపిరి తీసుకొని, ఇంకో మాట అనేది. ఒక ఆదివారం పొద్దున నాకు తిక్కరేగింది. దసరాకు అటక దులిపినట్టు ఈ డబ్బాను దులపాల్సిందే అని ఆయన పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాను. కుడి పక్కనే.

ఒక్కో పేరు చదవమన్నాను, అది ఏం చేస్తుందో చెప్పమన్నాను. వాన చెప్పేదాన్ని తీసేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పెంచిన మేకను అంగడికి తోలినట్టు పెట్టాడు. మంచు దేశపు రేడియో పోయింది. గడియారం కూడా పోయింది, గోడకు ఒకటుందని గుర్తుచేశాను. చివర్లో ఒక పేరు వచ్చింది, అదేం చేస్తుందో ఆయనకే తెలియదన్నాడు. తెలియని వాళ్లను ఇంట్లో పెట్టుకొని మేపడమెందుకు, తీసెయ్ అన్నాను. తీసేశాడు. సేవ్ నొక్కి డబ్బాను ఆపి మళ్లీ మొదలుపెట్టాడు.

ఎక్కిళ్లు పోయాయి. కానీ ఫోన్‌లో ఒక ఎర్ర అక్షరాల వరుస వచ్చింది. నేను తీయించిన ఆ తెలియని మనిషే కలిపేదానికి ఆసరా అట. ఆసరా పోయేసరికి కలిపేదీ లేవలేకపోయింది. మా ఆయన నావైపు ఒక చూపు చూశాడు. రెండింటినీ నెట్‌లోంచి మళ్లీ తెప్పించాడు, లేపాడు, భజన పెట్టుకున్నాడు. గంజు చోటు రాగానే నవ్వాడు. హమ్మయ్య అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే గేటు ముందు కారు హారన్ కొట్టింది. ఆ రోజు ఎర్రవల్లిలో మా ఆడబిడ్డ ఇంటి గృహప్రవేశం. నేను పట్టుచీర కట్టుకొని తయారుగా ఉన్నాను, ఆయన ఇంకా బనీను మీదే ఉన్నాడు. ఫోన్ చేతిలో పట్టుకొని, ఒక్క నిమిషం, ఇంకొక్క పని ఉన్నదన్నాడు. ఏం పనో నేను అడగలేదు. ముహూర్తం నీ డబ్బా కోసం ఆగదని ఫోన్ లాక్కొని చొక్కా చేతిలో పెట్టాను.

ఇల్లు దాటేముందు మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఊరికి పోతే కరెంటు మెయిన్ బంద్ చేయాలి. ఎప్పుడో మా అత్తమ్మ కాలంలో, ముందు గదిలో పత్తి పోసిపెట్టి పెళ్లికి పోతే కరెంటు తీగ అంటుకొని ఆ ఏటి పంటంతా బూడిదైందట. అప్పటి నుంచి మా వంశంలో ఎవరూ మెయిన్ వేసి ఊరు దాటరు. ఫ్రిజ్‌లో పాలు పక్కింటికి ఇచ్చేస్తాం, పెరుగు వెంట తీసుకుపోతాం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ నేర్పిన మొదటి పాఠం అదే. కాబట్టి ఆ రోజూ ఎప్పటిలాగే తాళం చెవి చేతిలోకి తీసుకొని, మెయిన్ కిందికి దించి, కారెక్కాను. ఇదివరకు అలా ఎన్నిసార్లు దించినా డబ్బాకు ఏమీ కాలేదు.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చాం. ఆ తర్వాతి పొద్దున ఆయన స్నానం చేసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. నేను జొన్నరొట్టె కొడుతున్నాను. ఆ భజన నాకు కంఠతా వచ్చు, ఎంతసేపటికి పిల్లి వస్తుందో నా చేతులకు కూడా తెలుసు. ఆ చోటు వచ్చి ఉంటుంది, పోయి ఉంటుంది. నవ్వు రాలేదు. తొంగి చూస్తే ఆయన హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకొని గోడ చూస్తున్నాడు. వాన చెప్పేదాన్ని తీయించినందుకు అలిగాడనుకున్నాను. అలిగితే అలగనీ అని రొట్టె తిప్పాను.

ఆ వారమంతా విచిత్రంగా ఉన్నాడు. దేవుడి గదిలోకి పోయి గంట కొట్టేవాడు, చెవి దగ్గర పెట్టుకొని మళ్లీ మెల్లగా కొట్టేవాడు. నన్ను వంటింట్లో నిలబెట్టి, ఏదైనా మాట్లాడు, మెల్లగ మాట్లాడు అనేవాడు. మెల్లగా మాట్లాడటం నాకు రాదని పెళ్లినాడే తెలుసు కదా అన్నాను. పొద్దున పిట్టల కోసం మిద్దె ఎక్కి నిలబడటం మొదలుపెట్టాడు. భజన మాత్రం మళ్లీ పెట్టుకోలేదు.

మిగిలిన ఆ ఒక్క చెవీ పోతోందని ఆయన భయపడుతున్నాడు. ఆ సంగతి నాకు తెలియదు. తెలియక నేను రోజుకొక దెప్పు దెప్పాను.

ఆ పై వారం గురువారం సాయంత్రం కోమటి చెరువు కట్ట మీద నడుస్తున్నాం. నడుస్తూ నడుస్తూ బెంచీ మీద కూర్చున్నాడు.

"విజయా, భజనల నీ గొంతు ఇనిపిస్తలేదు" అన్నాడు.

ఇప్పుడు నేను మాట్లాడితే వినపడుతోంది కదా అన్నాను.

"నువ్వు మాట్లాడితే చెరువు అవుతల ఒడ్డుకు ఇనిపిస్తది. అది లెక్కల పట్టద్దు. భజనల మగోళ్లు మంచిగనే ఇనిపిస్తున్నరు. ఆడోళ్లే, గోడ అవుతల పాడినట్టున్నది. డాక్టర్ ముందే చెప్పిండు, ఆడోళ్ల గొంతులే ముందుగాల పోతయని."

డబ్బాలో ఏదో తేడా వచ్చి ఉంటుందన్నాను. తానూ మొదట డబ్బానే అనుమానించానన్నాడు. ఫోన్‌లో చూశాడట, కలిపేది పేరు చక్కగా కనపడుతోందట. డబ్బాలో తప్పు లేదు, రేపు పొద్దున బస్సుకు హైదరాబాదు పోదాం, డాక్టరు దగ్గర టైం తీసుకున్నాను అన్నాడు. ఎప్పుడు తీసుకున్నాడో నాకు చెప్పనేలేదు. ఆయన గొంతులో అంత మెత్తదనం నేను ఎప్పుడూ వినలేదు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా హెడ్‌ఫోన్ తగిలించుకొని భజన పెట్టాను. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు, అంతా సక్రమంగా ఉంది. పిల్లి చోటు వచ్చింది, గంజు మూత పెట్టు కొండవ్వా అని నా గొంతు ఖంగుమంది. ఆడవాళ్లందరూ అందుకున్నారు. అంటే డబ్బా బాగానే ఉంది. ఆయన నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఉన్నదా అని అడిగాడు. ఉన్నదని చెప్పాను. అబద్ధం చెబుదామన్నా నోరు రాలేదు. ఆయన తలూపి లోపలికి పోయాడు.

ఆ రాత్రి వంట చేస్తూ దేవుణ్ణి కడుపారా తిట్టాను. ఇన్ని శనివారాలు గొంతు చించుకొని నీకు పాడితే, ఆ గొంతు వినే ఒక్క మనిషి చెవి నీకు కంటగింపైందా అని అడిగాను. నా మాట నా మొగుడికి వినపడకపోతే నేను ఎవరి మీద అరవాలి. పొయ్యి మీద పప్పు మాడింది, మాడనీ అనుకున్నాను.

పొద్దున బస్సుకు ఇంకా టైం ఉంది. ఆయన స్నానానికి పోయాడు. నేను సంహితకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. డబ్బాలో ఏమీ తేడా లేదని ఖాయంగా తెలుసా అని అది గుచ్చి గుచ్చి అడిగింది. నేను రాత్రి నా చెవులతో విన్నానే, ఇదిగో ఇప్పుడు కూడా వింటా చూడు అని, మళ్లీ భజన పెట్టాను. ఎడమ చెవి దగ్గర ఫోన్ ఉంది. అందుకని హెడ్‌ఫోన్ మొత్తం తగిలించుకోకుండా, కుడి పక్క గిన్నెను మాత్రం కుడి చెవికి అదిమి పట్టుకున్నాను. ఎడమ గిన్నె గడ్డం కింద వేలాడుతోంది.

మగవాళ్లు పాడుతున్నారు. మా ఆయన హార్మోనియం మోగుతోంది. నేను పిల్లి కోసం ఎదురుచూస్తున్నాను. ఆ చోటు వచ్చింది, పోయింది. మగవాళ్లు దేవుడి పేరు పాడుతూనే ఉన్నారు. నేను లేను. కొండవ్వ లేదు. ఎక్కడో గోడ అవతల ఎవరో ఆడవాళ్లు గొణిగినట్టు, అంతే.

ఫోన్‌లో సంహిత, అమ్మా ఉన్నవా, ఉన్నవా అని పిలుస్తోంది. నేను పాటను వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. మళ్లీ లేను. అప్పుడు హెడ్‌ఫోన్ తిప్పి ఎడమ గిన్నెను చెవికి పెట్టుకున్నాను. ఆడవాళ్లందరం అందులోనే ఉన్నాం, పిల్లితో సహా. ఈసారి మగవాళ్లు గోడ అవతలికి పోయారు.

ఫోన్ అక్కడే పడేసి పోయి స్నానాల గది తలుపు బాదాను. ఆయన తువ్వాలుతో, నెత్తి మీద సబ్బు నురగతో తలుపు తీశాడు.

"నాక్కూడ ఇనిపిస్తలేదయ్యా" అన్నాను. "నీ చెవి కాదు. అది డబ్బానే."

నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆయనకు నాకు పిచ్చెక్కిందనిపించింది. చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి కూర్చోబెట్టి, ఆ కుడి గిన్నె ముందు నా చెవికి పెట్టుకొని, తర్వాత ఆయన చెవికి పెట్టి, జరిగిందంతా చెప్పాను. రాత్రి నేను రెండు చెవులతో విన్నాను కాబట్టి అంతా వినపడింది. ఆయన విన్నట్టు ఒక్క చెవితో వింటే నేనూ ఆయనా ఒకటే. ఆయన సబ్బు నురగ కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా విన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. ఏ జాబితా చూశావని సంహిత వాళ్ల నాన్నను అడిగింది. రెండు జాబితాలు ఉంటాయట. కార్డులో ఏమేం ఉన్నాయో చెప్పేది ఒకటి, మొదలవగానే ఏమేం లేవాలో చెప్పేది ఇంకొకటి. ఈయన చూసింది మొదటిది. నెట్‌లోంచి తెప్పించింది దానంతట అదే కార్డులో చేరుతుంది, లేపమన్న మాట మాత్రం సేవ్ నొక్కితేనే ఎక్కుతుందట. కలిపేది కార్డులో హాయిగా పడుకొని ఉంది, దాన్ని లేపమని మాత్రం ఎక్కడా రాసి లేదు. మన గోదాములో మోటారు ఉంటే బోరులో నీళ్లు వస్తాయా అని ఆయనే గొణుక్కున్నాడు.

"ఆ ఆదివారం మళ్లేసినంక సేవ్ కొట్టినవా బాపు?" అని అడిగింది సంహిత.

ఆయన అప్పటికి గానీ కళ్లలో నురగ తుడుచుకోలేదు.

"కొడుదామనే అనుకున్న. మీ అమ్మ ఫోన్ గుంజుకొని అంగీ చేతిల పెట్టింది."

కారు హారన్ కొడుతుంటే ఇంకేం చేయాలని నేను లేచాను. సేవ్ కొట్టకపోయినా కరెంటు పోనంతవరకు ఏం కాదు కదా, మెయిన్ ఎవరు బంద్ చేశారని సంహిత అడిగింది. మెయిన్ దించమని నేర్పింది మా అత్తమ్మ, నేను కాదు అన్నాను. తప్పు అలా నడుచుకుంటూ పోయి, కాలం చేసిన మా అత్తమ్మ ఫోటో దగ్గర ఆగింది. ఆమె బతికుండగానే ఆమెతో వాదించి గెలిచిన వాళ్లు మా ఇంట్లో లేరు, కాబట్టి పంచాయితీ అక్కడితో ముగిసింది.

ఆయన తలంటు మధ్యలోనే కూర్చొని, సంహిత చెప్పినట్టు కలిపేదాన్నీ దాని ఆసరానూ లేచే జాబితాలో చేర్చాడు. సేవ్ నొక్కాడు. నొక్కాడని నేను కళ్లు పెట్టి చూశాను. అయినా నాకు నమ్మకం కుదరలేదు. లేచిపోయి మెయిన్ కిందికి దించాను. ఫ్యాను నెమ్మదించి ఆగింది, ఫ్రిజ్ మూలిగింది. వాన చెప్పేదాన్ని తీసినప్పటి ముఖం పెట్టాడు ఆయన. మళ్లీ మెయిన్ పైకి వేశాను. ఇప్పుడు పెట్టుకొని విను అన్నాను.

డబ్బా లేవడానికి కొంచెం టైం తీసుకుంటుంది. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. ఆయన ముఖం చూస్తూ నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడ్డాను. చేయడానికి పనేమీ లేదు, టిఫిన్ డబ్బాలు రాత్రే కట్టేశాను. ముందు గదిలోంచి చప్పుడు లేదు, ఆ పాట ఆయన చెవిలో తప్ప ఇంట్లో ఎక్కడా వినపడదు. అందుకని నేనే మొదటి నుంచి మెల్లగా పాడుకుంటూ పోయాను. మెల్లగా పాడటం నాకు వచ్చని ఆ రోజే తెలిసింది. హార్మోనియం వచ్చింది, చప్పట్లు వచ్చాయి, ఊపు వచ్చింది. గంజు దగ్గరికి వచ్చేసరికి నా నోరు దానంతట అదే ఆగిపోయింది.

ముందు గదిలోంచి నవ్వు వినపడింది.

"విజయా" అని పిలిచాడు, "పిల్లి వచ్చింది."

నేను వంటింటి గచ్చు మీదే కూర్చుండిపోయి ఏడ్చాను. ఆ రోజు ఇంట్లో ఉల్లిగడ్డ కూడా లేదు.